అజాన్‌కు ఆగని ఆట

మొన్న ఇషా నమాజు తరువాత షాలిబండలో ఓ యువకుడు నన్ను ఆపి అడిగాడు: "మౌలానా! ఫోనులో ఆటో చెస్ అని ఓ ఆట ఉంది. పాచికలు లేవు, పందెం లేదు. జాయిజేనా?"

2019లో మొబైల్‌లోకి వచ్చిన ఈ ఆటను ఎనిమిది మంది కలిసి ఆడతారు. చదరంగంలో లాగే ఎనిమిదేసి గళ్ళ పలక ఉంటుంది. ఏ పావులు వస్తాయన్నది అదృష్టం. వాటిలో వేటిని కొనాలి, ఎక్కడ నిలబెట్టాలి అన్నది తెలివి. ఈ కలగలుపు కొత్తదేమీ కాదు. దాదాపు వెయ్యేళ్ళ క్రితం భారతదేశాన్ని గురించి రాసిన అల్ బీరూనీ, ఇక్కడ నలుగురు కూర్చుని పాచికలు వేస్తూ చదరంగం ఆడటాన్ని వర్ణించారు.

మరి షరీఅత్ ఏమంటోంది? పాచికల ఆట ఆడేవాణ్ణి పంది రక్తమాంసాలలో చెయ్యి ముంచినవానితో దైవప్రవక్త (స) పోల్చినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. చదరంగం విషయంలో ఇమాముల మధ్య భేదాభిప్రాయం ఉంది. హనఫీ పండితులు దానిని మక్రూహె తహ్రీమీ అన్నారు. షాఫయీ పండితులు అయిష్టకరమంటూనే, జూదం లేకుండా, నమాజు తప్పకుండా ఆడితే హరామ్ కాదన్నారు.

నేను మన హనఫీ మజ్‌హబ్ ప్రకారం, దూరంగా ఉండమని చెప్పాను. అతను వదల్లేదు. "బార్కస్‌లో నా స్నేహితుడు షాఫయీ. అతను ఆడవచ్చు కదా?" అన్నాడు.

బార్కస్‌లోని అరబ్బు సంతతి కుటుంబాలు షాఫయీ మజ్‌హబ్‌ను అనుసరిస్తాయి. కాబట్టి అతని ప్రశ్న న్యాయమైనదే. "సరే, షాఫయీ షరతునే తీసుకుందాం. ఆట మధ్యలో అజాన్ వినపడితే ఏం చేస్తావు?" అని అడిగాను.

కాసేపు మౌనంగా ఉండి అన్నాడు: "మధ్యలో వదిలేస్తే ఓడిపోతాను మౌలానా. ర్యాంకు పడిపోతుంది."

సోదరులారా! అసలు విషయం ఇక్కడే ఉంది. అరుగు మీద చదరంగం పరిచిన ఇద్దరు మిత్రులు అజాన్ వినగానే లేచి వెళ్ళవచ్చు. తిరిగి వచ్చేసరికి పావులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫోనులోని ఆట ఆగదు. ముఖమెరుగని ఏడుగురు అటువైపు ఉంటారు, గడియారం నడుస్తూనే ఉంటుంది. ఆటను ఆపే అధికారం ఆడేవాని చేతిలో లేదు. ఇమాములు పావుల ఆకారం చూసి తీర్పు చెప్పలేదు, మనిషి మీద ఆట చూపే ప్రభావాన్ని చూశారు.

సూరహ్ మాయిదాలో మద్యాన్ని, జూదాన్ని నిషేధిస్తూ అల్లాహ్ రెండు కీడులు తెలియజేశాడు. షైతాన్ వాటి ద్వారా మన మధ్య వైరం రగిలించాలనుకుంటాడు. అల్లాహ్ స్మరణ నుండి, నమాజు నుండి మనల్ని ఆపాలనుకుంటాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్ర ప్రభుత్వం 2025లో చట్టం చేసింది, మంచిదే. కాని చట్టం జేబుకు కాపలా కాయగలదు, ఫజ్ర్ నమాజుకు కాయలేదు. ఆ కాపలా మనదే.

అంటే వినోదమే తప్పా? కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మస్జిద్‌లో హబషీల ఈటెల విన్యాసాన్ని ఆమెకు చూపించారు. నేనూ మదరసా రోజుల్లో క్యారమ్స్ ఆడుతూ రాత్రి గడిపి, ఓ ఫజ్ర్ పోగొట్టుకున్నాను. క్యారమ్స్‌లో పాచికలూ లేవు, పందెమూ లేదు. అయినా ఆ ఫజ్ర్ తిరిగి రాలేదు. కజా చేసుకున్నాను గాని, ఆ సిగ్గు ఇంకా ఉంది.

కాబట్టి ఏదైనా ఆట మొదలుపెట్టే ముందు మనల్ని మనం ఒక్క ప్రశ్న వేసుకుందాం: పిలుపు వస్తే ఇప్పుడే లేవగలనా? యౌవనాన్ని దేనిలో గడిపావని ప్రళయదినాన అడగబడేది మనమే. ఆ రోజున ఏ ర్యాంకూ పనికిరాదు. లేచి నిలబడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.