చెవితో చూసే ఊరు

పల్లె చూసొద్దామని బయల్దేరతాం. ఊళ్లో దిగగానే ఫోన్ పైకి లేస్తుంది. ఇక కంటికే పని. చెవికీ ముక్కుకీ చేతికీ పనే ఉండదు.

భూదాన్ పోచంపల్లి ఉంది కదా. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసిన ఊరు. అక్కడి నేతగాళ్ల వీధిలో కాసేపు నిలబడండి. మగ్గం ముందు వినిపిస్తుంది, తర్వాతే కనిపిస్తుంది. టకటకమని ఒకే లయ. లోపలికి వెళితే రంగు వాసన, తడి నూలు వాసన. అక్కడక్కడా బిగించి చిటికి కట్టిన నూలును, ఇంటివాళ్లను అడిగి, వేళ్లతో తాకండి. కట్టు ఉన్నచోట గట్టిగా తగులుతుంది. ఆ కట్టు కిందికి రంగు వెళ్లదు. చీర మీది పువ్వు పుట్టేది అక్కడే. నేయకముందే, నూలులోనే. ఫొటోలో చీర కనిపిస్తుంది. ఈ సంగతి మాత్రం వేలికే తెలుస్తుంది.

ఆ మగ్గం చప్పుడు విన్నాక, చీర ధర దగ్గర బేరమాడటానికి నోరు రాదు. పల్లె యాత్రకు అసలు ఫలితం అదేనంటాను.

ఈ సెలవుల్లో ఏ ఊరికి వెళ్లినా ఫోన్ కాసేపు జేబులో పెట్టండి. ముందు వినండి. వాసన చూడండి. అడిగి తాకండి. ఆ ఊరివాళ్లు వండింది, వాళ్ల పక్కనే కూర్చుని తినండి.