చూపునకు మేర

మా పూర్వశిష్యుడొకడు నార్వే దేశమున నుద్యోగము చేయుచు, సెలవుదినములందు అచటి చలిసముద్రమున మునుగుచుండును. నీటియడుగున తాను తీసిన ఛాయాచిత్రమొకటి యీ నడుమ మాకు పంపెను. అందు చేప లేదు. రాతినెఱ్ఱె యొకటి, దానిపై నూగుచున్న నాచు, అంతియే. సముద్రమునకు దూరముగ పీఠభూమిపైనున్న మా అశోక్ నగరమున దానిని చూచిన పొరుగువారు, "ప్రాణమునకు తెగించి మునిగినది యీ బొక్క కొఱకా?" యని నవ్విరి. మేమును నవ్వితిమి. పిదప అతని లేఖ చదివి సిగ్గుపడితిమి. నెఱ్ఱెలో నొక చేప యుండెనట. దీపపు వెలుగునకు బెదరి లోనికి దూరెనట. పుల్లతో కదలించిన వెలికి వచ్చియుండును. అతడు కదలింపక, సీసాలోని గాలి తగ్గువఱకు వేచి, పైకి వచ్చెను.

చలినీట మునుగుట సామాన్యము కాదు. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగ దేహపు వేడిని హరించును. కావున తడి చొరని దుస్తులు ధరింపవలెను. లోతున ఎఱ్ఱని కాంతి ముందుగా నశించును. దీపము లేనిదే వస్తువుల నిజవర్ణము తెలియదు. 1893లో ఫ్రాన్సున లూయీ బూతాన్ నీటిలోనికి కెమెరాను దింపి చిత్రములు తీసెను. 1943లో ఆ దేశముననే కూస్తో, గాన్యాన్ అనువారు శ్వాసయంత్రమును సిద్ధపఱచినపిదప, మనుష్యుడు పైనుండి గొట్టము లేకయే నీట సంచరించుట సులభమయ్యెను. ఇంత ప్రయాసమున కోర్చి చేరినవానికి, చూడగోరినదెల్ల చూచు హక్కు కలదా? ఇదియే మా ప్రశ్న.

కలదనువారు రెండు మాటలు చెప్పుదురు. చిత్రములు లేనిచో సముద్రజీవుల దుఃఖ మెవ్వరికిని తెలియదనుట యొకటి. ఇది సత్యమే. చూపు దేనిని హరింపదనుట రెండవది. ఇది మాత్రము సత్యము కాదు. పుల్లతో పొడిచి తీసిన చిత్రము చేప స్వభావమును చూపదు. మనవలన దానికి కలిగిన భయమును చూపును. నీటియడుగున నిలుకడ లేక కాళ్లాడించినవానికి బురద రేగి యేమియు కానరాదు. అచట సంయమము లేనిదే చూపు లేదు.

చూచి, ముట్టక మఱలుట యితరత్రయు కలదు. 1971 డిసెంబరు 3-4 తేదీల నడిమి రాత్రి విశాఖపట్టణమునొద్ద పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునుగగా, అందున్న తొంబదిమందికి పైబడినవారెల్లరు మరణించిరి. మన నౌకాదళము దాని శిథిలమును సముద్రగర్భమున గుర్తించినదనియు, మృతులయెడ గౌరవముచే దానిని ముట్టలేదనియు 2024లో పత్రికలు ప్రకటించెను. శత్రువైనను మృతుని నిద్ర చెఱుపరాదను నీతి యిది. దక్షిణధ్రువసముద్రమున 1915లో మునిగిన షాకిల్టను నౌక ఎండ్యూరెన్సు 2022లో 3008 మీటర్ల లోతున కనబడినపుడును, చిత్రములు తీసిరే కాని ఒక్క చెక్కనైన పైకి తేలేదు.

ఇంతదూరమేల? నిరుడు మా బంధువులయింట నొక వృద్ధురాలు మృతినొందెను. కూతురు శవముపై బడి విలపించుచుండగా, దూరదేశమందలి మనుమలకు చూపుటకై మేమే సెల్‌ఫోనున చిత్రము తీసితిమి. ఆమె తలయెత్తి మమ్ము చూచి, కొంగు మొగమునకు కప్పుకొనెను. అంతటితో నాగక మఱియొకటి తీసితిమి. బడిలో బాలురకు నీతి బోధించు మా చేత యది! ఆమె ఇంతవఱకు మమ్మొక్కమాటయు ననలేదు. అందువలననే మాకు బాధ హెచ్చినది.

పరుల సొమ్ము ముట్టకుండుట అస్తేయమని మన పెద్దలు చెప్పిరి. పరుల దుఃఖమును, భయమును, వారు దాచుకొనగోరిన మొగమును అనుమతి లేక గైకొనుటయు చౌర్యమే యని మాకిపుడు తోచుచున్నది. విద్యావంతులగు గృహస్థులు తమ పిల్లల చేతికి కెమెరా నిచ్చునపుడు ఈ మాటయు చెప్పవలెను: అడిగి తీయుము; అడిగినను చెప్పజాలని ప్రాణి దాగికొన్న, మఱలి రమ్ము.

ఆ రాతినెఱ్ఱె చిత్రమును మేము బల్లపై నుంచుకొంటిమి. మా శిష్యుడు మాకు చెప్పిన పాఠమది.