పలుపు వేసినవాడిదే బాధ్యత

"చలి అల్లాహ్ పంపింది. ఆ చలికి నా పశువు చనిపోతే నా తప్పేముంది?" పైకి ఈ మాట దైవవిశ్వాసంలాగే వినిపిస్తుంది. కానీ ఇందులో విశ్వాసం ఎంత, బాధ్యత నుండి తప్పించుకోవడం ఎంత అన్నది ఆలోచించవలసిన విషయం.

1880లలో అమెరికా గడ్డిమైదానాల్లో పశువుల వ్యాపారం జోరుగా సాగింది. మందలను బీళ్ళలో వదిలేసేవారు. ఎండుగడ్డి నిల్వచేయడం, పాకలు వేయడం దండగ ఖర్చు అనుకునేవారు. కొందరు యజమానులు ఇంగ్లాండు, స్కాట్లాండుల్లో కూర్చుని, కంటితో చూడని పశువులను ఖాతా పుస్తకాల్లో లెక్కపెట్టుకునేవారు. ఉత్తరాది మందలు తమ మేతలోకి రాకుండా టెక్సాస్ ఉత్తర భాగంలో మైళ్ళ కొద్దీ ముళ్ళకంచెలు వేశారు. 1886 జనవరిలో మంచుతుపాను వచ్చింది. పశువులు గాలికి వీపు తిప్పి దక్షిణానికి నడిచాయి. కంచె దగ్గర ఆగిపోయాయి. వెనకవి ముందువాటిని తోశాయి. అక్కడే గుట్టలుగా పడి చనిపోయాయి.

ఆ మరుసటి చలికాలం మొంటానా, వయోమింగ్, డకోటాల వంతు వచ్చింది. వేసవిలో వానల్లేక గడ్డి ఎండిపోయినా మందలను తగ్గించలేదు. కురిసిన మంచు కాస్త కరిగి, మళ్ళీ గడ్డకట్టి, గడ్డిమీద రాతిపలకలా బిగిసింది. లక్షలాది పశువులు ఆకలితో, చలితో చనిపోయాయి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ మందలో సగానికి పైగా పోయింది. గ్రాన్‌విల్ స్టువార్ట్ అనే పెద్ద పశుపోషకునికి ఆ వ్యాపారం మీదే అసహ్యం కలిగింది. మేత, నీడ ఇవ్వలేని జీవిని ఇక సొంతం చేసుకోకూడదని అతను నిశ్చయించుకున్నాడు.

చలి దైవాజ్ఞే, సందేహం లేదు. మరి కంచె ఎవరు వేశారు? గడ్డి ఎవరు కోయలేదు?

పిల్లిని బంధించి చంపిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలిపిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆమె దానికి తిండి పెట్టలేదు. పురుగూ పుట్రా తిని బతకడానికి వదలనూ లేదు. ఆ ముళ్ళకంచె చేసింది కూడా అదే. దారి మూసినవాడే మేత పెట్టాలి. పశువు ముసలిదై, జబ్బుపడి, దానివల్ల లాభం లేకపోయినా సరే, దాని పోషణ యజమాని విధి అని ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (మరణం హి. 660) స్పష్టం చేశారు. కనుక లాభం ఆగిపోతే హక్కు ఆగిపోదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. అన్నీ చేసినా పశువు చనిపోతే? ఆ దెబ్బ తర్వాత అక్కడివారు ఎండుగడ్డి నిల్వచేయడం అలవాటు చేసుకున్నారు. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది గనుక చలి పెరిగిన రోజున మేత పెంచుతారు. తొట్లలో గడ్డకట్టిన నీటిని పగలగొడతారు. గాలికి అడ్డు కడతారు. అప్పుడే పుట్టిన దూడ ఒళ్ళు తుడిచి, జున్నుపాలు తాగిస్తారు. అయినా 2013 అక్టోబరులో దక్షిణ డకోటాలో, పశువులకు చలికాలపు బొచ్చు పెరగకముందే వాన, ఆ వెంటనే మంచుతుపాను విరుచుకుపడ్డాయి. వేలాది పశువులు చనిపోయాయి. అంత ముందుగా అంతటి తుపాను వస్తుందని తలచని ఆ పశుపోషకులను, గడ్డే కోయని పాతకాలపు యజమానులతో సమానంగా చూడలేం. చేయగలిగింది చేసినవానికి తఖ్దీర్ ఓదార్పు. ఏమీ చేయనివానికి అది సాకు మాత్రమే.

ప్రియ పాఠకులారా! మనకు మంచు మైదానాలు లేవు. కానీ బక్రీదుకు కొన్న మేక మన ఇంటి గుంజకు కట్టి ఉంటుంది. అది వానలో తడుస్తున్నా, దాని నీళ్ళ గిన్నె ఖాళీగా ఉన్నా నోరు తెరిచి అడగలేదు. పలుపు వేసిన క్షణమే దాని ఆకలి మన అమానత్ అయిపోయింది. దానికి మనం జవాబు చెప్పుకోవలసి ఉంది.

మూగజీవుల హక్కు గుర్తించే హృదయాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.