ఛానెల్లో అంకె పెట్టే ముందు

తల్లీ, మీ టీమ్ స్లాక్ ఛానెల్లో డేటా బాట్ వచ్చిందనీ, ఇక చిన్న లెక్క కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదనీ ఫోన్లో సంబరంగా చెప్పావు. నాకూ సంతోషమే. టికెట్ పెట్టి, రెండు రోజులు ఎదురుచూసి, మళ్లీ గుర్తుచేసి తెప్పించుకున్నవాళ్లకే ఈ సుఖం విలువ తెలుస్తుంది. వాడు, బాగా వాడు. కాకపోతే దాని జవాబు నలుగురి మధ్యా పడుతుంది కదా, పెదనాన్నగా నాలుగు మాటలు చెప్పనీ.

ఆ బాట్ నీ మాటల్ని ఎస్‌క్యూఎల్ క్వెరీగా మార్చి, డేటాబేస్ మీద నడిపి, వచ్చిన అంకెను నీ చేతిలో పెడుతుంది. "గత నెల అమ్మకాలెంత?" అని అడిగావనుకో. క్యాన్సిలైన ఆర్డర్లు కలపాలా, వెనక్కొచ్చిన సరుకు తీసెయ్యాలా, జీఎస్టీతోనా, అది లేకుండానా, నువ్వేమీ చెప్పలేదు. పక్క సీటు మనిషైతే "ఏ అమ్మకాలు?" అని ఎదురడుగుతాడు. బాట్ చాలాసార్లు తనకు తోచింది ఒకటి అనుకుని లెక్క కట్టేస్తుంది. నీ పక్కవాళ్లు అదే ప్రశ్న కాస్త వేరే మాటల్లో అడిగితే ఇంకో అంకె వస్తుంది. ఇక మీటింగంతా ఏది నిజమన్న వాదనతోనే సరిపోతుంది.

జవాబు కింద క్వెరీ చూపిస్తే దాన్ని తెరిచి చదువు. ముఖ్యంగా తేదీలు చూడు. చాలా డేటాబేసుల్లో సమయం యూటీసీలో ఉంటుంది, మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 3 గంటలకు విజయవాడలో పెట్టిన ఆర్డరు అక్కడ మార్చి 31 రాత్రి 9:30 అని నమోదవుతుంది. క్వెరీలో దాన్ని మన సమయానికి మార్చకపోతే కొత్త ఆర్థిక సంవత్సరపు అమ్మకం పాత సంవత్సరంలో పడిపోతుంది.

తర్వాత జాయిన్లు. ఆర్డర్ల టేబుల్లో రూ. 1,200 ఆర్డరు ఒకటి, అందులో మూడు వస్తువులు. దాన్ని వస్తువుల టేబుల్‌తో కలిపితే ఆ 1,200 మూడు వరసల్లోనూ కనిపిస్తుంది. కూడితే 3,600. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. అందుకే ఫైనాన్స్ వాళ్లు ఖాయం చేసిన పాత నెల అంకె ఒకటి దగ్గర పెట్టుకుని, అదే నెలకు బాట్‌ని అడిగి చూడు. రెండూ కలవకపోతే అంకె ముందుకు పంపకు. క్వెరీ అర్థం కాకపోతే డేటా టీమ్‌లో ఎవరినైనా అడుగు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఛానెల్లో పడ్డ అంకె అక్కడితో ఆగదమ్మా. ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తారు, సాయంత్రానికి అది పెద్దవాళ్ల ప్రెజెంటేషన్లో ఉంటుంది, "ఫలానా అమ్మాయి పెట్టింది" అన్న మాటతో సహా. బాట్ పేరు ఎవరూ చెప్పరు. కాబట్టి ముందు నీకూ బాట్‌కూ మధ్య విడిగా అడిగి, సరిచూసుకుని, ఆ తర్వాత ఛానెల్లో పెట్టు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏం కలిపారు, ఏం తీసేశారు, ఒక వాక్యం జోడించు. తప్పని తేలితే అదే థ్రెడ్‌లో దిద్దు, చెరిపెయ్యకు. చూసినవాళ్లకు దిద్దిన సంగతి తెలియాలి.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఛానెల్లో అడగకు. కొన్నిచోట్ల బాట్ అడిగినవాళ్ల అనుమతులతో కాక తన సొంత లాగిన్‌తో డేటా తీస్తుంది. చూడకూడనివాళ్లకూ కనిపించేది అలాగే. ఆ ఛానెల్లో బయటి వెండర్లు గెస్టులుగా ఉంటే మరీ ప్రమాదం. 2023లో వ్యక్తిగత డేటాకి మన దేశంలో ప్రత్యేక చట్టమే వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, నమ్మి నంబరిచ్చిన మనిషి పట్ల మర్యాద ఉండాలి కదా.

సోమవారం మీటింగ్‌లోపే మీ టీమ్‌ని కూర్చోబెట్టి, అమ్మకం అంటే ఏది, యాక్టివ్ కస్టమర్ అంటే ఎవరు అన్నవి రాయించి, ఛానెల్ పైన పిన్ చేయించు తల్లీ. ఆ పని నువ్వే మొదలుపెట్టు.