పెట్టె దొరికింది, జవాబు దొరకలేదు

(ఈ సంవాదంలో ఇద్దరు. ఒకరు కాలేజీలో అలంకారశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. రెండో ఆమె ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకుంది, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తోంది. విషయం ఫారెస్ట్ ఫెన్ పద్యం.)

ముందు కథ క్లుప్తంగా చెప్పాలి. ఫెన్ వియత్నాం యుద్ధంలో విమానం నడిపినవాడు. తర్వాత అమెరికాలోని శాంటా ఫేలో కళాఖండాల వ్యాపారం చేశాడు. 1988లో కిడ్నీ క్యాన్సర్ బయటపడింది. బంగారం నింపిన కంచుపెట్టె వెంటబెట్టుకుని తనకిష్టమైన చోటికి పోయి అక్కడే కన్నుమూయాలనుకున్నాడు. జబ్బు తగ్గింది, ఆలోచన తగ్గలేదు. ఎనభయ్యో పడికి చేరువలో పెట్టెను రాకీ పర్వతాల్లో దాచి, 2010లో వేసిన తన జ్ఞాపకాల పుస్తకంలో 24 పాదాల పద్యం అచ్చువేశాడు. అందులో తొమ్మిది ఆధారాలున్నాయని చెప్పాడు. పదేళ్ళు వేలమంది వెతికారు. కనీసం ఐదుగురు ఆ వెతుకులాటలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2020 జూన్‌లో పెట్టె దొరికిందని ప్రకటించిన ఫెన్, అదే ఏడు సెప్టెంబరులో పోయాడు. వయోమింగ్ రాష్ట్రంలో దొరికిందని తేలింది. కచ్చితంగా ఏ చోటో దొరికించుకున్నవాడు చెప్పలేదు.

శిష్యురాలు: పెట్టె దొరికి ఇన్నేళ్ళయినా ‘అసలు జవాబు నాదంటే నాది’ అని జనం ఇంకా కొట్టుకుంటున్నారు మాస్టారూ. తప్పని తేలే వీల్లేని జవాబును నేనైతే జవాబనను.

మాస్టారు: ఆ లెక్కన కాళిదాసు మీద వచ్చిన వ్యాఖ్యానాలన్నీ మూటగట్టి అటకెక్కించాలి. మేఘసందేశానికి వ్యాఖ్య రాసేముందు మల్లినాథుడు యక్షుణ్ణి పిలిచి అడిగాడా అమ్మా?

శిష్యురాలు: కాళిదాసు రామగిరి మీద పెట్టె పాతలేదు కదండీ! ఇక్కడ పద్యం కింద పెట్టె ఉంది. మీ మల్లినాథుడు తప్పు చెబితే పండితులు తిడతారు. ఇక్కడ తప్పు చెబితే గొయ్యి ఖాళీగా కనబడుతుంది.

మాస్టారు: సరే, ఒప్పుకున్నాను. మరి ఆ గొయ్యి ఎక్కడ తవ్వాలో ఎవరు చెప్పాలి? పద్యమేగా.

శిష్యురాలు: అదే చెప్పలేదంటున్నాను. మొదటి ఆధారమే తీసుకోండి, వెచ్చటి నీరు ఆగిపోయే చోటి గురించి. వేడినీటి బుగ్గ అన్నారు కొందరు. బుగ్గల నీరు చల్లటి ఏట్లో కలిసే చోటన్నారు ఇంకొందరు. ఆనకట్ట అన్నవాళ్ళూ ఉన్నారు. కాస్త కిందికొస్తే బ్రౌన్ అన్న పేరొస్తుంది. అది ఎవరిదో ఇంటిపేరన్నారు, ట్రౌట్ చేపల్లో ఒక జాతన్నారు, ఎలుగుబంటన్నారు. తొమ్మిది ఆధారాలకీ మూడేసి అర్థాలు వేసుకున్నా 19,683 దారులొస్తాయి. రాకీల్లో ఏ వాగు ఒడ్డున నిలబడ్డా వాటిలో ఏదో ఒకటి అతుకుతుంది. అతికినంత మాత్రాన సంబరపడితే నా ఉద్యోగం ఊడుతుంది.

మాస్టారు: అందుకే అనేకార్థం ఎదురైతే మురిసిపోకూడదు, జాగ్రత్తపడాలి. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యంలో రామాయణం, భారతం రెండూ నడిపాడు. ఆ రెండర్థాలూ కవి పెట్టినవి. మూడోది నువ్వు పీకితే వస్తుంది, వచ్చినంత మాత్రాన సూరనది కాదు. మాట నాలుగు వైపులకు పోతుంటే దాన్ని కట్టెయ్యడానికి భర్తృహరి వాక్యపదీయంలో జాబితాయే ఇచ్చాడు. సాహచర్యం, విరోధం, ప్రకరణం, సామర్థ్యం, ఔచిత్యం, దేశం, కాలం, ఇంకా కొన్ని. సైంధవమంటే ఉప్పూ, గుర్రమూ. విస్తరి ముందు కూర్చుని సైంధవం తెమ్మన్నవాడికి గుర్రాన్ని తెస్తామా? ఈ పద్యం పట్టుకుని కొండలెక్కినవాళ్ళలో చాలామంది విస్తరి దగ్గరికి గుర్రాన్ని తోలుకొచ్చారు.

శిష్యురాలు: జాబితా బాగుంది. ఈ పద్యం మీద ప్రయోగించి చూపించండి మరి.

మాస్టారు: సామర్థ్యం చూడు. పెట్టె బరువు 42 పౌన్లు, అంటే 19 కిలోలు. దాచినవాడికి దాదాపు ఎనభై ఏళ్ళు. కారు దగ్గర్నుంచి రెండు విడతలుగా మోసి ఒక్క మధ్యాహ్నంలో పని ముగించానని తానే చెప్పాడు. ఇక నిలువు కొండ చరియ, ఉరికే నది అర్థంలో ఎలా ఇముడుతాయి? ముసలివాడు వెళ్ళలేని చోటికి మీరూ వెళ్ళొద్దని పదే పదే అన్నాడు కూడా.

(ఇక్కడ మాస్టారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పోయిన ఐదుగురిలో ఎక్కువమంది నదుల పాలయ్యారు, ఒకరు కొండవాలులో పడిపోయారు. 2017లో న్యూ మెక్సికో పోలీసు అధిపతి ఈ వేట ఆపించమని ఫెన్‌ని బహిరంగంగా కోరాడు. ఫెన్ ఆపలేదు. పద్యం రాసినవాడి బాధ్యత ఎంతన్నది వేరే వ్యాసానికి సరిపడా సంగతి. నా మటుకు నాకు అది సున్నా కాదు.)

శిష్యురాలు: ఏ చోటు కాదో సామర్థ్యం చెబుతుంది. ఏ చోటో చెప్పదు.

మాస్టారు: ఏ చోటో ప్రకరణం చెబుతుంది. దొరికించుకున్నది ఓ వైద్య విద్యార్థి. సంకేతాలు, గూఢలిపులు, పటాల మీద గీతలు వంటి వాటి జోలికి పోకుండా, ఫెన్ రాసిందీ మాట్లాడిందీ పట్టి పట్టి చదివాడట. ఈ మనిషి ఎక్కడ చావాలనుకుని ఉంటాడు? ఇదే అతను వేసుకున్న ప్రశ్న. ఫెన్ చిన్నప్పటి వేసవులన్నీ ఎల్లోస్టోన్ దగ్గర చేపలు పడుతూ గడిచాయి. కవిని చదివితే పద్యం లొంగింది.

శిష్యురాలు: లొంగిందా? ఆ ప్రాంతం 2018లోనే తెలిసిందని అతనే రాశాడు. పెట్టె చేతికి రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ప్రకరణం ఊరు చూపించి వదిలేసింది, గుమ్మం వెతుక్కుంది కాళ్ళూ చేతులే. అదీగాక పెట్టె దొరకడం, జవాబు సరైనదవడం రెండూ ఒకటి కాదు మాస్టారూ. కిట్ విలియమ్స్ బంగారు కుందేలు సంగతి మీకు తెలుసుగా.

మాస్టారు: 1979 నాటి మాస్కరేడ్. అది బొమ్మల పుస్తకం, పద్యం కాదు.

శిష్యురాలు: అయినా పాఠం అదే. ఇంగ్లాండులో ఆంప్ట్‌హిల్ పార్కులో ఓ శిలువ స్తంభం నీడను బట్టి తవ్వాలని ఇద్దరు ఫిజిక్స్ మాస్టార్లు పుస్తకం లోంచే తేల్చారు. వాళ్ళ ఉత్తరం రచయితకు చేరేసరికి, 1982లో, కుందేలు ఇంకొకడి పాలైంది. వాడు పొడుపు విప్పలేదు. రచయిత పాత స్నేహితురాలి వైపు నుంచి కూపీ లాగాడని 1988లో సండే టైమ్స్ బయటపెట్టింది. ఒకరికి జవాబుంది, కుందేల్లేదు. ఇంకొకడికి కుందేలుంది, జవాబు లేదు.

మాస్టారు: అంటే నీ పార కూడా అబద్ధం చెబుతుందన్నమాట! తవ్వితే దొరికింది గనక వాడిదే సరైన అర్థమనాల్సి వచ్చేది.

ఈ దెబ్బకు శిష్యురాలు కాసేపు ఆలోచించింది. తేరుకుని చెప్పిన సమాధానం ఈ వాదన మొత్తంలో నాకు ముఖ్యమనిపించింది.

శిష్యురాలు: పార ఒక్కటే చాలదని ఒప్పుకుంటాను. పద్యం నుంచి చోటిదాకా నడిచిన దారి, మెట్టు మెట్టూ, తవ్వకముందే కాగితం మీద ఉండాలి. ఆ తర్వాత పార అవుననో కాదనో అనాలి. ఫిజిక్స్ మాస్టార్ల దగ్గర ఆ కాగితం ఉంది, అందుకే వాళ్ళని గెలిచినవాళ్ళంటాను. ఫెన్ పెట్టె విషయంలో ఆ కాగితం మనకు చూపించలేదు, చోటూ చూపించలేదు. మ్యాడిసన్ నది మీద నైన్ మైల్ హోల్ అనే చేపల మడుగు దగ్గరేనని చాలామంది వాదిస్తున్నారు. కావచ్చు. అవునో కాదో చెప్పడానికి ఇప్పుడక్కడ పెట్టె లేదు.

మాస్టారు: చోటు చెబితే జనం ఎగబడి తొక్కేస్తారని దాచానన్నాడు, పెట్టె దొరికించుకున్నవాడు. అది నాకు న్యాయంగానే కనిపిస్తుంది. తన జవాబే నిజమని గట్టిగా నమ్మినవాడు ఏం చేస్తాడో చూశాంగా. ఎల్లోస్టోన్‌లో పాత సైనిక శ్మశానాన్ని తవ్వినవాడికి 2021లో ఆర్నెల్ల జైలు పడింది. మన దగ్గర మాత్రం తక్కువా? గుప్తనిధులంటూ అర్ధరాత్రి పాడుబడ్డ గుళ్ళలో నందుల్ని పెకలించేవాళ్ళు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. శాసనంలో దానం ఇచ్చిన భూమి హద్దులు రాసి ఉంటే, వీళ్ళు దాన్ని నిధికి దారనుకుంటారు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. వీళ్ళలో ఎవరు చెబుతారు?

శిష్యురాలు: శాసనంలో కవి దాచిందేమీ లేదు, దాచాడని వీళ్ళే అనుకున్నారు. ఫెన్ నిజంగానే దాచాడు. చోటు కాపాడ్డం న్యాయమే కావచ్చు మాస్టారూ, కానీ ఆ న్యాయానికి మూల్యం ఉంది. ఇక మీదట ఈ పద్యానికి ఎవరేం చెప్పినా మల్లినాథుడి పక్కన కూర్చోవాల్సిందే.

మాస్టారు: మల్లినాథుడి పక్కన చోటంటే తక్కువా అమ్మా? ఆధారం లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడాయన.

ఇద్దరూ అక్కడ ఆగారు. నా తీర్పు శిష్యురాలి వైపే మొగ్గుతుంది. 2022 చివర్లో పెట్టెలోని వస్తువులు వేలంలో అమ్ముడుపోయి తలో చోటికీ చేరాయి. ఫెన్ పద్యం మీద ఇప్పుడు సాగేది వ్యాఖ్యానం, పరిష్కారం కాదు. వ్యాఖ్యానమైతే మల్లినాథుడి ఒట్టు అది చెప్పేవాళ్ళకూ వర్తించాలి.

పరిష్కారం మీద అసలైన వాదన కావాలనుకునే పాఠకులకు ఇంకో పుస్తకం ఉంది. బైరన్ ప్రైస్ అనే ప్రచురణకర్త 1982లో ‘ది సీక్రెట్’ పేరుతో పన్నెండు బొమ్మలు, పన్నెండు పద్యాలు అచ్చువేసి, ఉత్తర అమెరికాలో పన్నెండు పెట్టెలు పాతాడు. 2005లో కారు ప్రమాదంలో పోయాడు. ఇంతవరకు షికాగోలో 1983లో, క్లీవ్‌లాండ్‌లో 2004లో, బోస్టన్‌లో 2019లో ఒక్కొక్కటి బయటపడ్డాయి. మిగతా తొమ్మిదీ ఇంకా దొరకలేదు.