ఏ కాలానికి మరమ్మతు?

పాత కట్టడాన్ని యథాతథంగా నిలబెట్టామని గర్వపడతాం. ఏ కాలం నాటి యథాతథం? హైదరాబాద్ కోఠీ రెసిడెన్సీ ముందు ఈ ప్రశ్న తప్పదు.

19వ శతాబ్దం తొలి దశకంలో బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన భవనమిది. అతని భార్య ఖైరున్నీసా పరదాలో, వెనకనున్న రంగ్ మహల్‌లో ఉండేది. ఆమె చూసుకోవడానికి తోటలో భవనం నమూనా ఒకటి కట్టించాడంటారు. ఆ జనానాను తర్వాత తెల్లవాళ్ళే కూల్చేశారు. అధికారం కొలువుదీరిన స్తంభాలు మిగిలాయి. ఆమె బతికిన గదులు మిగల్లేదు. లేనిదాన్ని ఏ నిపుణులు బాగుచేస్తారు?

1949లో మహిళా కళాశాల ఇక్కడికి వచ్చింది. ఆడవాళ్ళకి చోటులేని దర్బారు నీడన ఆడపిల్లలు నోట్సు రాసుకున్నారు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో బాగుపడిన భవనం 2023లో మళ్ళీ తెరుచుకుంది. ఆవరణలోని విశ్వవిద్యాలయానిది ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు.

శిథిల గదుల్లో పాఠాలు చెప్పమని ఎవరూ అనరు. పగుళ్ళు పూడాల్సిందే. కానీ ఏడు దశాబ్దాల చదువును వాడకం వల్ల కలిగిన అరుగుదలగా లెక్కకట్టకూడదు. రెసిడెంటు కట్టించినదెంత చరిత్రో, ఆ మెట్లను అరగదీసిన చెప్పుల జతలూ అంతే చరిత్ర. సందర్శకులకు చెప్పే కథలో రెండూ ఉండాలి, కూలిన జనానా ఖాళీతో సహా.