పక్షుల్ని చూసే తీరు

పక్షుల్ని చూడ్డానికి ఊళ్లు తిరగడం వృథా కాలక్షేపమని కొందరు పెద్దలంటారు. సోదరులారా! ఎగిరే పక్షుల వైపు దివ్యఖుర్ఆనే (సూరా ముల్క్, 19వ ఆయతు) మన చూపు తిప్పుతుంటే ఆ మాట ఎలా ఒప్పుకోగలం?

అయితే మా తప్పొకటి చెప్పాలి. కొత్త మోజులో తిరుపతి నుంచి పిల్లలతో సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టుకు వెళ్లాం. 1976 నుంచి అది పక్షుల సంరక్షణ కేంద్రం. చలికాలం. నీటి మధ్య చెట్ల మీద గూడబాతుల గూళ్లు. ఎగిరితే ఇంకా బాగుంటుందని చప్పట్లు కొట్టాం. లేచాయి. ఖాళీ గూళ్ల మీదికి కాకులు చేరాయి. తల్లి లేస్తే గుడ్డుకు కాపలా ఉండదని, లేత కూన ఎండకు తాళలేదని అక్కడి కాపలాదారు చెప్పేదాకా మాకు తట్టలేదు.

కూనల్ని తీసుకుంటే తల్లిపిట్ట తల్లడిల్లగా, దైవప్రవక్త (సఅసం) వాటిని తిరిగి ఇప్పించిన హదీసు అబూదావూద్‌లో ఉంది. మద్రసాలో చదివాం, ఎందరికో చెప్పాం కూడా. మేము కూనల్ని ముట్టుకోలేదు కదా అని మనసు వాదించింది. తల్లి భయంలో తేడా ఏముంది?

మరుసటి ఏడు బైనాక్యులర్‌తో వెళ్లి, దూరంగా ఊరకే కూర్చున్నాం. ఒక్క పక్షీ లేవలేదు. చిన్నవాడు విసుక్కున్నాడు. గంట తర్వాత, తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేప తింటున్న కూనను వాడే మాకు చూపించాడు.